అరవై మూడు మద్దిచెట్లకు మెమో

మా సంస్థ పేరు కొండగెడ్డల సమగ్ర పునరుజ్జీవన సంస్థ. గెడ్డ అంటే మా వైపు వాగు. కొండల్లోంచి దిగే గెడ్డలు ఎవరూ పునరుజ్జీవింపజెయ్యకుండానే వేల ఏళ్ళుగా పారుతున్నాయి కాబట్టి మొదటి పదకొండేళ్ళూ మాకు పెద్దగా పనుండేది కాదు. ఆఫీసు ఉండేది, బోర్డు ఉండేది, జీపు ఉండేది. నేను అందులో సీనియర్ అసిస్టెంటుని. పేరు పైలా అప్పలస్వామి. ఇక్కడ చెప్పబోయే ప్రతి ఉత్తర్వూ నా చేత్తో రాసిందే. అందుకని ఎవర్ని తిట్టినా అందులో నా వాటా నాకు ఉంచుకునే తిడతాను.

పన్నెండో ఏడు మాకు గొర్తి భుజంగరావు గారు డైరెక్టరుగా వచ్చారు. ఆయన కన్నా ముందు ఆయన పేరుప్రతిష్ఠలు వచ్చాయి. అంతకు ముందు పనిచేసిన చోట పధ్నాలుగు వేల పెండింగు ఫైళ్ళను నాలుగు నెలల్లో సున్నా చేశారట. ఎలా చేశారని అడిగే అలవాటు మా శాఖల్లో లేదు. తరవాత మెల్లిగా తెలిసింది. సగం ఫైళ్ళు 'ఇవి మీ పరిధిలోనివి' అని పక్క ఆఫీసులకు పంపేశారు. మిగతా సగం మీద 'అర్జీదారుకు తగు సమాధానము ఇవ్వడమైనది' అని రాసి మూసేశారు. ఆ తగు సమాధానం ఏమిటో అర్జీదార్లకు ఇప్పటికీ తెలీదు. పైవాళ్ళు మాత్రం పిలిచి శాలువా కప్పారు.

మా ఆఫీసులో ఆయనకు ఒక్క పెండింగు కూడా దొరకలేదు. పదకొండేళ్ళలో మాకెవరూ అర్జీ పెట్టిన పాపాన పోలేదు. బీరువాలు తెరిపించారు, సొరుగులు లాగించారు, నా టిఫిన్ క్యారియర్ కింద వేసిన కాగితం కూడా తీసి చదివారు. వారం తిరిగేసరికి ఆయన మొహం వాడిపోయింది. ఎనిమిదో రోజు పొద్దున్నే జీపు తియ్యమన్నారు.

అలా కుంబిగెడ్డకు వెళ్ళాం. చైత్రమాసం. నీళ్ళు మోకాలి లోతున్నాయి. రెండు గట్ల మీదా ఏరుమద్ది చెట్లు, తెల్లటి బోదెలతో, నీళ్ళ మీదికి వంగి ఉన్నాయి. మధ్యమధ్యలో కానుగ, మేడి. రాళ్ళకు అడ్డంపడి గోధుమరంగు ఆకులు గుట్టలుగా నిలిచిపోయాయి. అలాంటి ఒక గుట్టలో చెయ్యి పెట్టి ఒక ఆడమనిషి పీతను పైకి లాగి బుట్టలో వేసుకుంటోంది. ఆమె పేరు కిల్లో బుద్రి. గట్టు మీది ఊరే ఆమెది. యాభై దాటి ఉంటాయి.

డైరెక్టరు గారు చూపుడువేలితో ఆకుల గుట్టను చూపించారు.

"ఇవేమిటి?"

"ఆకులండి," అన్నాను.

"ఎప్పటివి?"

నాకు తెలీదు. బుద్రి చెప్పింది. "మాగంలో రాలినాయి బాబూ."

"ఇప్పుడు చైత్రం. అంటే రెండు నెలలుగా ఇవి ఇక్కడే పడి ఉన్నాయా? పరిష్కారం కాకుండా?" ఆయన గొంతులో ప్రాణం లేచి వచ్చింది. వారం తరవాత ఆయన మొహాన నవ్వు చూడటం అదే మొదలు. "అప్పలస్వామీ, ఇదయ్యా పెండింగంటే!"

"అయి అలాగే ఉండాల బాబూ," అంది బుద్రి, ఆయన కంగారుపడుతున్నాడేమో అనుకుని. "ఆటి అడుగునే పీతలుంటాయి, పరిగె సేపలుంటాయి. వానలు పడీదాకా మా ఊరికి కూరంటే ఇదే."

ఆయన వినలేదు. గుట్టలు లెక్కపెడుతున్నారు.

మర్నాడే సమావేశం. మా సంస్థలో డాక్టర్ బొడ్డేపల్లి హైమావతి గారని ఒక సైంటిస్టు ఉండేవారు. ఆరేళ్ళుగా ఆవిడ వలగుడ్డ సంచుల్లో రకరకాల ఎండుటాకులు తూకం వేసి నింపి, ఇటుకకు కట్టి గెడ్డలో వదిలేవారు. పదిహేను రోజులకో సంచి తీసి, ఎంత ఆకు మిగిలిందో మళ్ళీ తూచేవారు. ఆరు నివేదికలు రాశారు. ఆరూ నేనే భద్రంగా బీరువాలో పెట్టాను. అలాంటిది ఒక డైరెక్టరు పిలిచి, "ఆకు పరిష్కారం కావడానికి ఎన్ని రోజులు పడుతుందమ్మా?" అని అడిగేసరికి ఆవిడ కళ్ళు మెరిశాయి. పాపం, ఎవరో చదివారనుకున్నారు.

"ఆకు నీళ్ళలో పడగానే ముందు పైపై రసం దిగిపోతుంది సార్," అని ఉత్సాహంగా మొదలుపెట్టారు. "తరవాత బూజు పడుతుంది. బూజు పట్టి మెత్తబడిన ఆకును నీటి పురుగులు కొరుక్కు తింటాయి. ఆ పురుగుల్ని చేపలూ పీతలూ తింటాయి. కానీ అన్ని ఆకులూ ఒకే తీరుగా కుళ్ళవు. ఆకులో ఏముందన్న దాన్ని బట్టి ఉంటుంది. కానుగలో నత్రజని ఎక్కువ, మెత్తన. ముప్ఫై ఎనిమిది రోజుల్లో అయిపోతుంది. మేడి నలభై. మద్దిలో వగరు ఎక్కువ, దాన్నే టానిన్ అంటాం. కర్రకు గట్టిదనాన్నిచ్చే లిగ్నిన్ కూడా ఎక్కువే. అందుకని బూజు త్వరగా పట్టదు, పురుగులు ముట్టుకోవు. రెండు వందల పది రోజులు పడుతుంది."

"రెండు వందల పది!" డైరెక్టరు గారు కుర్చీలో ముందుకు జరిగారు.

"అదే మంచిది సార్. కానుగాకు ఆ పూటకు వండిన అన్నం లాంటిది, మద్దాకు గాదెలో ధాన్యం లాంటిది. కానుగా మేడీ చైత్రానికి ఖాళీ. అక్కణ్ణించి వానలు పడేదాకా గెడ్డలో ప్రాణులకు మద్దాకే దిక్కు. మద్ది లేకపోతే ఎండాకాలంలో గెడ్డ చచ్చిపోతుంది. గెడ్డ మీద బతికే ఊరూ..."

డైరెక్టరు గారి పుస్తకంలో ఒకే ముక్క పడింది: మద్ది - 210.

"సేవా నియమావళి ప్రకారం ఏ అంశమైనా నలభై అయిదు రోజుల్లో పరిష్కారం కావాలి. ఆకుకు మినహాయింపు ఎక్కడుంది?"

"ఆకు అంశం కాదు కదా సార్."

"గెడ్డలో ఉందా లేదా? గెడ్డ మన పరిధా కాదా? అయితే అంశమే. సరే, ఈ టానిన్ అనేదాన్ని చెట్టు ఎందుకు పెట్టుకుంటుంది?"

"పురుగులు తినెయ్యకుండా, తనను తాను కాపాడుకోవడానికి సార్."

డైరెక్టరు గారు నా వైపు తిరిగారు. "రాసుకో అప్పలస్వామీ. జాప్యం ఉద్దేశపూర్వకం."

అప్పటికీ హైమావతి గారు ఆయన హాస్యమాడుతున్నారనుకుని చిన్నగా నవ్వారు. నేను నవ్వలేదు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో పై అధికారి హాస్యమాడటం నేను చూడలేదు.

మెమో నేనే తయారుచేశాను. 'కుంబిగెడ్డ ఉభయ గట్లయందు నిలబడియున్న మద్దిచెట్లు (మొత్తం అరవై మూడు) తమ ఆకులయందు వగరు పదార్థమును ఉద్దేశపూర్వకముగా నిల్వయుంచి, పరిష్కార ప్రక్రియకు ఆటంకము కలిగించుచున్నట్లు సంస్థ దృష్టికి వచ్చినది. తమపై ఏల చర్య తీసుకొనరాదో పదిహేను దినములలోగా సంజాయిషీ ఇచ్చుకొనవలెను. గడువులోగా సమాధానము రానియెడల, చెప్పుకొనుటకు ఏమియు లేదని భావించబడును.' రాస్తున్నంతసేపూ నా పెన్ను ఒక్కసారీ ఆగలేదు. అదీ నా యోగ్యత.

నోటీసు తీసుకునేవాడు చెయ్యి చాపకపోతే తలుపుకు అతికించి అందజేసినట్టు భావించవచ్చని రూలుంది. చెట్లకు చేతులు లేవు కాబట్టి ఆ రూలు వర్తించింది. మైదా జిగురు బకెట్టు పట్టుకుని ఒక్కో బోదెకూ అతికించుకుంటూ వెళ్తున్నాను. బుద్రి బుట్ట దించి నా వెనకే వచ్చింది.

"ఏటి బాబూ ఈ కాయితాలు? ఓట్లొచ్చినాయేటి?"

"కాదమ్మా. చెట్లను సంజాయిషీ అడుగుతున్నాం."

ఆమె చెట్టు వైపు చూసి, నా వైపు చూసి, మళ్ళీ చెట్టు వైపు చూసింది. "అదేటి సెప్తాది?"

"పదిహేను రోజుల్లో చెప్పకపోతే చెప్పడానికేమీ లేదనుకుంటాం."

"నానూ ఎప్పుడూ ఏటీ సెప్పనేదు బాబూ. నాకూ అంటిత్తావేటి?" అంది. నవ్వుతూనే అంది గానీ కాసేపటికి నవ్వు పోయింది. "ఇయి పోతే గెడ్డలో పీతుండదు. పీత నేకపోతే ఎండలకి మా పిల్లా జెల్లా వొట్టి అంబలే. ఆ బాబుతో సెప్పు."

చెబుతానన్నాను. చెప్పలేదు. పదకొండు మెమోలను జిగురు రుచికి మేకలు నాకి, నమిలి మింగేశాయి. ఆ పదకొండు చెట్లూ ప్రభుత్వ ఉత్తర్వును ధ్వంసం చేసినట్టు ఫైల్లో ఎక్కింది.

గడువు తీరేలోపు డైరెక్టరు గారు ఖాళీగా కూర్చోలేదు. ఉన్న పెండింగును తగ్గించాలి. ఫైళ్ళ విషయంలో ఆయనకు అచ్చొచ్చిన పద్ధతే మొదలుపెట్టారు. కూలీలను పెట్టి ఆకుల గుట్టల్ని పారలతో కదిలించి, హద్దురాయి దాటేదాకా కిందికి తోయించారు. హద్దురాయి దిగువ గెడ్డ ఇంకో డివిజనుది. మూడో రోజు ఆ డివిజను జీపు వచ్చి నలభై ఒక్క గోనెసంచులు మా వరండాలో దించింది. నీళ్ళోడుతున్నాయి. పైన కవరింగ్ లెటరు: 'సదరు ఆకులు తమ పరిధియందలి చెట్ల నుండి రాలినట్లు ప్రాథమిక విచారణలో తేలినందున, తగు చర్య నిమిత్తము తిరిగి పంపడమైనది.' మేము మళ్ళీ పంపాం. వాళ్ళు మళ్ళీ తిరిగి పంపారు. కొండ ఎక్కి దిగి, దిగి ఎక్కి, ఆ ఆకులు చేసినంత ప్రయాణం మా సిబ్బందిలో ఎవరూ చెయ్యలేదు. నాలుగోసారి వచ్చేసరికి సంచుల నిండా పీతపిల్లలు చచ్చిపోయి ఉన్నాయి.

ఇక్కడ నా ఘనకార్యం ఒకటి చెప్పాలి. ఒకరోజు టీ తాగుతూ డైరెక్టరు గారు, "ఆ వగరేదో ముందే తీసేసి ఆకును గెడ్డలో వెయ్యలేమా?" అన్నారు. హైమావతి గారు వీల్లేదు సార్ అంటుండగానే, నా చేతిలో గ్లాసు చూసుకుని, "టీ ఆకును మరిగిస్తే దిగిపోతుంది కదండీ," అన్నాను. నా నోరు అప్పుడే కుట్టేసి ఉండాల్సింది. డైరెక్టరు గారు లేచి నా భుజం తట్టారు. ఆయన నన్ను తాకడం అదొక్కసారే.

వారంలో గట్టు మీద 'ఆకుల పూర్వశుద్ధి కేంద్రం' వెలిసింది. పెళ్ళిళ్ళలో పులుసు కాచే పెద్ద గుండిగలు పన్నెండు తెప్పించాం. మద్దికొమ్మలు నరికి పొయ్యిల్లోకి పెట్టి, మద్దాకులు ఉడికించాం. ఉడికిన ఆకును వలసంచుల్లో నింపి గెడ్డలో వదిలితే పంతొమ్మిది రోజుల్లో కరిగిపోయింది. రెండు వందల పది ఎక్కడ, పంతొమ్మిది ఎక్కడ! పైనుంచి ఫోన్లలో అభినందనలు.

"గుండిగల్లో కషాయం ఎక్కడ పోస్తారు సార్?" అని అడిగారు హైమావతి గారు.

"గెడ్డ ఆకులోంచి వచ్చిన రసం గెడ్డకే చెందుతుంది. మనం ఉంచుకుంటే అది మన దగ్గర పెండింగు అవుతుంది కదమ్మా."

రోజుకు పన్నెండు గుండిగల చిక్కటి వగరు నీళ్ళు గెడ్డలో పోశాం. మూడు రోజులకు గెడ్డ టీ రంగులోకి మారింది. నాలుగో రోజు పొద్దున పరిగెలు వెల్లకిలా తేలాయి. ఒకటీ అరా కాదు, కనుచూపు మేర తెల్లటి పొట్టలు. పిల్లలు సంబరంగా ఏరుకోబోతే బుద్రి వాళ్ళను కేకలేసి గట్టెక్కించింది. నన్ను చూసి దగ్గరికొచ్చింది.

"మాము సేపలు పట్టాలంటే వగరు బెరడు దంచి ఒక మడుగులో ఏస్తాం బాబూ. ఒక్క మడుగే. అదీ ఏడాదికోపాలి. మీరు సదువుకున్నోలు గదా, గెడ్డంతా ఏసీసినారు."

ఆ నెల నివేదికలో మేం రాసింది ఇది: 'పూర్వశుద్ధి ప్రక్రియ వలన ఆకులతోపాటు జలచరముల నిల్వ కూడా గణనీయముగా తగ్గినది.' తగ్గడం మాకెప్పుడూ శుభవార్తే.

హైమావతి గారు పదకొండు పేజీల అభ్యంతరం రాశారు. ఆకులో ఏముంటే బూజు ఎలా పడుతుంది, ఏ పురుగు ఏ నెలలో ఏ ఆకు తింటుంది, ఆ ఆకు లేకపోతే ఎన్ని రోజుల్లో ఆకలికి చస్తుంది, అన్నీ పట్టికలతో సహా. డైరెక్టరు గారు దాన్ని ఆరు నిమిషాల్లో పరిష్కరించి, ఆవిణ్ణి సముద్రతీరంలో ఇసుక పరిశీలనకు డిప్యుటేషన్ మీద వేశారు. ఇసుక కుళ్ళదు, కాబట్టి అక్కడ ఆవిడతో సంస్థకు ఇబ్బంది లేదు. వెళ్ళేముందు నా బల్ల దగ్గర నిలబడ్డారు.

"ఆ రెండు వందల పది నేను రాయకుండా ఉండాల్సింది అప్పలస్వామి గారూ. మద్ది గొప్పదని చెప్పడానికి రాశాను."

ఏడ్చేశారు. నేను పెన్ను క్యాపు తీసి పెట్టి, పెట్టి తీశాను. ఆవిడకు ఒక్కమాట చెప్పలేకపోయిన ఆ నిమిషం తలుచుకుంటే నాకిప్పటికీ నా మీద రోత.

గుండిగలు నెలరోజులకే ఆగిపోయాయి. ఉడికించడానికి ఆకు కన్నా కట్టె ఎక్కువ పడుతోందని తేలింది. అప్పుడు డైరెక్టరు గారు సమస్య మూలాలకు వెళ్ళాలన్నారు. మూలం ఏది? చెట్టు. చెట్లకు ఇచ్చిన గడువు ఎప్పుడో తీరిపోయింది. సంజాయిషీలు సున్నా. 'తగినన్ని అవకాశములు కల్పించినప్పటికీ సదరు చెట్లు మౌనము వహించినందున, ఏకపక్షముగా నిర్ణయము తీసుకొనడమైనది,' అని ఉత్తర్వు రాశాను. అరవై మూడూ నరకాలి.

ఈసారి బుద్రి ఆఫీసుకే వచ్చింది. ఊళ్ళో పదిమంది ఆడవాళ్ళను వెంటబెట్టుకుని ఇరవై మైళ్ళు నడిచొచ్చింది. డైరెక్టరు గారి ముందు నిలబడి చేతులు కట్టుకుంది.

"అన్నీ వొద్దు బాబూ. పెద్దమడుగు మీదున్నయి పది. ఆ పదీ వొదిలియ్యండి. ఆ ఆకు మాకొగ్గీయండి. అందల పీతలు బతికితే సాలు, ఎండలు గెడుపుకుంటాం."

డైరెక్టరు గారు ఓపిగ్గానే విన్నారు. ఆయన కఠినుడు కాదు. కఠినుడైనా బాగుండేది, ఎక్కడో ఒకచోట మెత్తబడేవాడు.

"చూడమ్మా, చట్టం ముందు అన్ని చెట్లూ సమానం. పదింటిని వదిలితే మిగతా యాభై మూడింటికి అన్యాయం చేసినట్టు కాదా? రేపు ఎవరైనా కోర్టుకెళ్తే నేనేం సమాధానం చెప్పాలి?"

బుద్రికి అర్థం కాక నా వైపు చూసింది. నేను ఫైలు వైపు చూశాను.

నరకడానికి నాలుగు రోజులు పట్టింది. నాలుగో రోజు సాయంత్రం గెడ్డ మీద ఎండ నేరుగా పడింది. నేను పుట్టి బుద్ధెరిగాక ఆ గెడ్డ అడుగు అంత స్పష్టంగా కనబడటం చూడలేదు. శుభ్రంగా ఉంది. రాళ్ళు, ఇసుక, నీళ్ళు. ఫోటోలు తీయించి పైకి పంపాం.

ఆ ఏడాది గడిచింది. మళ్ళీ ఆకురాలే కాలం వచ్చింది, ఆకు రాలలేదు. మద్దికొమ్మలు పడి కానుగలు, మేడిచెట్లు కూడా సగం విరిగిపోయాయి, మిగతావి ఎండిపోయాయి. డైరెక్టరు గారు ఎంతో నిబ్బరంగా నెలవారీ నమూనా నింపమన్నారు. అందులో మూడు గడులు: వచ్చినవి, పరిష్కరించినవి, శాతం. వచ్చిన ఆకులు సున్నా. పరిష్కరించినవి సున్నా. మూడో గడి కంప్యూటరే నింపుకుంటుంది. అదీ సున్నా అని నింపుకుంది.

పదో రోజున డైరెక్టరు గారికే మెమో వచ్చింది. 'తమ సంస్థ యొక్క పరిష్కార శాతము సున్నాగా నమోదై, రాష్ట్రమున అట్టడుగు స్థానమున నిలిచినది. తమపై ఏల చర్య తీసుకొనరాదో పదిహేను దినములలోగా...'

ఆయన కాగితం బల్ల మీద పెట్టి నన్ను పిలిచారు. "అప్పలస్వామీ, ఆకులు కావాలి," అన్నారు. "వెంటనే కుళ్ళేవి. ఎక్కణ్ణించైనా సరే."

పెళ్ళిళ్ళ రోజులు. కింద పట్నంలో ఫంక్షన్ హాళ్ళ వెనక తిని పారేసిన అరిటాకులు కొండలా పడుంటాయి. రోజుకు రెండు లారీలు తెచ్చి కుంబిగెడ్డలో దింపాం. అరిటాకులో వగరు తక్కువ, గట్టిదనం తక్కువ, పైగా సాంబారులో నాని వచ్చింది. వారానికల్లా జావయిపోయింది. అంత ఆకు ఒక్కుమ్మడిగా కుళ్ళితే నీళ్ళలోని ఊపిరంతా లాగేస్తుందని హైమావతి గారి నాలుగో నివేదికలో ఉంది. అది బీరువాలోనే ఉంది. గెడ్డ మీద నురగ తేలింది. కంపు ఊరిదాకా కొట్టింది. మా పరిష్కారం మాత్రం తొంభై ఎనిమిది శాతం. మిగతా రెండు శాతం నమిలి ఉమ్మిన మునక్కాడ పిప్పి. దానిలో లిగ్నిన్ ఎక్కువ కాబట్టి ఆలస్యం చేసింది.

డైరెక్టరు గారికి రెండో శాలువా వచ్చింది. దాని మీద జరీ ఉంది.

వైశాఖంలో, మిట్టమధ్యాహ్నం, బుద్రి ఆఫీసుకు వచ్చింది. ఈసారి ఒక్కతే. బాగా చిక్కిపోయింది. అర్జీ రాసిపెట్టమంది. ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాను. మా గెడ్డలో పీతలు లేవు. పరిగెలు లేవు. నలభై రెండు గడపలకు కూర లేదు. ఆ నీళ్ళు తాగి పిల్లలకు కడుపులు పోతున్నాయి. కొర్రా వారి చంటిది పోయింది. మా గెడ్డ మాకు ఇప్పించండి. కింద వేలిముద్ర వేసింది.

ఆ చంటిది పోయిందన్న ముక్క దగ్గర నా పెన్ను ఆగింది. ఏడాదిగా ఒక్క ఉత్తర్వు దగ్గరా ఆగనిది, అక్కడ ఆగింది. అప్పటికి చేసేదేముంది?

మా సంస్థకు వచ్చిన మొదటి అర్జీ అది. డైరెక్టరు గారు దాన్ని రెండు చేతులతో అందుకున్నారు. గడియారం చూసుకున్నారు. పదకొండు నిమిషాల్లో సంతకం పెట్టిన ఉత్తర్వు నా చేతికిచ్చి, "చూశావా? అర్జీదారు ఇంకా మెట్లు దిగనే లేదు," అన్నారు.

బుద్రి మెట్ల మీద కూర్చుని ఉంది. చదవమంది. చదివాను.

'అర్జీయందు పేర్కొనబడిన పీతలు, పరిగెలు క్షేత్రస్థాయిలో లేవని అర్జీదారే స్వయముగా తెలియజేసియున్నందున, విచారించుటకు విషయమేదియు మిగిలియుండలేదు. శిశు మరణము ఈ సంస్థ పరిధిలోనిది కాదు. అర్జీ పరిష్కరించడమైనది.'

"మల్లీ సదువు," అంది. మళ్ళీ చదివాను. అర్థం చెప్పమంది. చెప్పాను. కాగితం తీసుకుని, ఆకును చూసినట్టు వేళ్ళ మధ్య నలిపి చూసింది.

"ఇది గెడ్డలో ఏస్తే ఎన్నాల్లకి కుల్లుతాది బాబూ?"

వెటకారం కాదు. మా ఆఫీసుకు తెలిసిన విద్య అదొక్కటే అని ఆమెకు అర్థమైంది. హైమావతి గారు ఒకసారి చెప్పింది నాకు గుర్తుంది. కాగితం చేసేటప్పుడు కర్రలోంచి లిగ్నిన్ అంతా మరిగించి తీసేస్తారు.

"నెల్లాళ్ళు పట్టదమ్మా. ఇందులో గట్టి సరుకేమీ ఉండదు."

"దీన్ని ఏ పురుగన్నా తింటాదా?"

"తినడానికి పురుగులుండాలి కదమ్మా."

ఆమె లేచి నిలబడింది. ఉత్తర్వును నా చేతిలో పెట్టి, నా వేళ్ళను దాని మీదికి మూసేసింది.

"అయితే నువ్వే ఉంచుకో. మా గెడ్డలో మాత్తరం ఎయ్యకు."